పర్షియన్ తివాచీ కొనాలన్నా, ఉతకాలన్నా, రఫూ చేయించాలన్నా: ముడుల లెక్క కన్నా ముందు చూడాల్సినవి

పర్షియన్ తివాచీ కొనడానికి వెళ్తే దుకాణంవాళ్లు మొదట చెప్పేది ముడుల లెక్క. చదరపు అంగుళానికి ఇన్ని వందల ముడులు, అందుకే ఇంత ధర అంటారు. ఆ లెక్క అబద్ధం కాదు, కానీ చివర అడగాల్సిన ప్రశ్న అది. తివాచీ ఏ గదిలో పరుస్తారు, దాని మీద ఎవరు నడుస్తారు, ఉతికేవాళ్లు మీకు అందుబాటులో ఉన్నారా, రేపు చిరిగితే బాగుచేయడానికి వీలున్న రకమేనా అన్నవి ముందు తేల్చుకోవాలి. చేత్తో ముడివేసిన మంచి ఊలు తివాచీ రెండు మూడు తరాలు వస్తుంది. అన్నేళ్లలో ఒకటి రెండుసార్లయినా రఫూ చేయించక తప్పదు. అందుకే కొనేటప్పుడే దాని మరమ్మతు గురించి కూడా ఆలోచించాలని నేను గట్టిగా చెబుతాను.

ముడుల లెక్క ఎంతవరకు పట్టించుకోవాలో ఆర్దబీల్ తివాచీని చూస్తే తెలుస్తుంది. అది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. ఇరాన్‌లోని కాషాన్ ఊరికి చెందిన మఖ్సూద్ పేరు, హిజ్రీ 946 అనే సంవత్సరం దాని మీదే నేసి ఉన్నాయి. అంటే 1539-40 నాటిది. పొడవు పదిన్నర మీటర్లు. ఇంత పేరున్న తివాచీ ప్రపంచంలో ఇంకోటి లేదేమో. అందులో ఒక్కో పక్క 10 సెంటీమీటర్లుండే చదరానికి సుమారు 5,300 ముడులున్నాయి. ఈ రోజు ఇరాన్‌లోని తబ్రీజ్ ఊరి సరుకులో 50 రజ్ అని అమ్మే రకం కూడా ఇంచుమించు అంతే. రజ్ అంటే సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పులో పట్టే ముడుల సంఖ్య. అదే దేశంలోని ఖుమ్ ఊరి పట్టు తివాచీల్లో చాలావాటికి ఇంతకన్నా ఎక్కువ ముడులుంటాయి. అయినా ఆర్దబీల్‌తో పోల్చదగ్గవి అందులో ఎన్ని? దాని గొప్పతనం గీతలో ఉంది, రంగులో ఉంది, ఊలులో ఉంది. పడుగు (నిలువు దారాలు), పేక (అడ్డం దారాలు) పట్టువే అయినా పైన ముడివేసింది ఊలే.

ముందు తిరగేసి చూడండి

ఇరాన్‌లో తయారైందన్న చీటీ ఒక్కటే చాలదు. కాషాన్ చేతినేతకు ఎంత పేరో, ఇప్పుడు మిషన్ తివాచీల మిల్లులకూ అంత పేరు. చీటీ మీద 700 షానె, 1200 షానె అని మిల్లు మగ్గం లెక్క ఉంటే అది మిల్లు సరుకు. చవకగా, నీటుగా ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో వాడుకోవడానికి తప్పేమీ లేదు. చేతినేత ధరకు కొనకపోతే చాలు.

చేతినేతో కాదో పోల్చుకోవడానికి ఒక మూల పట్టుకుని తిరగేయండి. వెనకవైపు డిజైన్ ముందువైపు ఉన్నంత స్పష్టంగా కనిపించాలి. ఇంకా దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో రంగు గింజ ఒక్కో ముడి అని తెలుస్తుంది. అన్నీ ఒకే సైజులో ఉండవు, ఒకటి కాస్త లావుగా, పక్కది కాస్త సన్నగా ఉంటుంది. వరసకీ వరసకీ మధ్య పేక దారం అక్కడక్కడా తొంగిచూస్తుంది. ఇప్పుడు ముందువైపుకు తిప్పి, పైకి నిలబడి ఉండే ఊలును, అంటే పైల్‌ని, రెండు బొటనవేళ్లతో విడదీయండి. అడుగున ఊలు పోగు పడుగు దారాలను చుట్టుకుని పైకి రావడం కనిపించాలి. చివర వేలాడే కుచ్చులు ఆ పడుగు దారాల కొసలే అయి ఉండాలి. విడిగా తెచ్చి కుట్టిన కుచ్చులైతే అనుమానించాల్సిందే.

వెనక గుడ్డ అంటించి ఉంటే అది టఫ్టెడ్ రకం. దాన్ని కూడా చేత్తో చేసిందని చెప్పి అమ్ముతారు. నిజానికి గన్‌తో ఊలును గుడ్డలోకి దూర్చి, ఊడిపోకుండా వెనక లేటెక్స్ జిగురు పూస్తారు. కొన్నేళ్లకు ఆ జిగురు ఎండి పొడిగా రాలుతుంది, వాసన కూడా రావచ్చు. ముడే లేదు కాబట్టి రఫూ చేయడానికీ ఏమీ ఉండదు. దీన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. అదే డబ్బుకు చిన్న సైజులో నిజమైన ముడి తివాచీ తీసుకోవచ్చు.

ఏ ఊరిది ఏ గదికి

అందరూ నడిచే హాలుకు, డైనింగ్ టేబుల్ కిందికి నా మొదటి ఎంపిక హెరీజ్. ఇరాన్ వాయవ్య మూలలో, తూర్పు అజర్‌బైజాన్‌లోని ఊళ్లలో నేస్తారు. ముడులు తక్కువే, గీతలు కోణాలు కోణాలుగా ఉంటాయి, మధ్యలో పెద్ద పతకం, ఇటుక ఎరుపు, ముదురు నీలం. ఊలు మాత్రం చాలా గట్టిది. కుర్చీ కాళ్లు లాగినా తట్టుకుంటుంది. మరకపడినా ఆ రంగుల్లో కలిసిపోతుంది. మోటు నేత కావడంతో కొత్త ముడి వేయడం కూడా సులువు, ఖర్చు తక్కువ.

ఇంకా గట్టిది కావాలంటే కుర్దుల ఊరు బీజార్. అక్కడ పేకను ఎంత బలంగా దంచి కూర్చుతారంటే తివాచీ పలకలా బిగుసుకుపోతుంది. ఇనుప తివాచీ అని దానికి పేరు. దాన్ని ఎప్పుడూ మడతపెట్టకూడదు, చుట్టే ఉంచాలి. బలవంతంగా మడిస్తే లోపలి దారాలు తెగుతాయి. తరచూ ఇళ్లు మారేవాళ్లకు, లిఫ్ట్ లేని మూడో అంతస్తులో ఉండేవాళ్లకు దాని బరువు ఇబ్బందే. హమదాన్ చుట్టుపక్కల పల్లెల తివాచీలు వీటికన్నా తేలిక. చిన్న సైజుల్లో, పొడుగాటి రన్నర్లలో బాగా దొరుకుతాయి. మొదటిసారి కొనేవాళ్లు అక్కడ మొదలుపెట్టడం మంచిది.

తబ్రీజ్, కాషాన్, ఇస్ఫహాన్, నాయిన్, కిర్మాన్ పట్టణ నేతలు. వీటిని ముందు కాగితం మీద గీసి, గళ్లు లెక్కపెట్టి నేస్తారు. తీగలు, పువ్వులు, మెలికలు సన్నగా వస్తాయి. చెప్పులు బయట విడిచి వచ్చే మన ఇళ్లలో ఇలాంటివి బాగానే నిలుస్తాయి, డ్రాయింగ్ రూమ్‌కు, పడకగదికి సరిపోతాయి. నాయిన్ తివాచీకి 9 లా, 6 లా, 4 లా అనే లెక్క చెబుతారు. అది పడుగు దారంలో ఎన్ని పోగులు పేనారన్న లెక్క. అంకె తగ్గేకొద్దీ నేత సన్నబడుతుంది, ధర పెరుగుతుంది. ఇంటివాడకానికి 9 లా చాలు. లేత రంగుల నేల మీద నీలం తీగలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ కాఫీ ఒలికే ఇంటికి లేత రంగు వద్దు.

సంచార జాతులవి పూర్తిగా వేరే లోకం. ఫార్స్ ప్రాంతంలో మగవాళ్లు గొర్రెల ఊలు కత్తిరించి మగ్గం సిద్ధం చేస్తారు. ఆడవాళ్లు ఊలు వడికి, కాగితం మీద నమూనా ఏమీ లేకుండా మనసులోని బొమ్మతో నేస్తారు. 2010లో యునెస్కో ఫార్స్ నేతనూ, కాషాన్ నేతనూ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఫార్స్‌లోని కష్కాయి సంచారుల తివాచీలో పడుగు కూడా ఊలే కాబట్టి అంచులు కాస్త వంకరగా ఉండొచ్చు, ఒక కొస వెడల్పు ఇంకో కొసకు సరిపోకపోవచ్చు. ఒకే ఎరుపు సగం దాకా ఒక ఛాయలో, ఆపైన మరో ఛాయలో కనిపించడం కూడా మామూలే. దాన్ని అబ్రష్ అంటారు. ఒక విడత రంగువేసిన ఊలు అయిపోయి ఇంకో విడత మొదలైన చోటు అది. వీటిని లోపాలని బేరమాడేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆ తివాచీలోకెల్లా ప్రాణమున్న చోటు అదే. అన్నీ కొలిచినట్టు ఉండాలనుకునేవాళ్లు పట్టణ నేతకు వెళ్లడమే మంచిది. గబ్బె అనే మందపాటి రకం కూడా ఈ ప్రాంతానిదే. రంగులు తక్కువ, బొమ్మలు తక్కువ, ఊలు దిట్టం. కొత్త ఫ్లాట్లకు బాగా నప్పుతుంది, పిల్లలు కింద కూర్చుని ఆడుకోవడానికి దీని అంత హాయి ఇంకోటి లేదు.

ఊలా, పట్టా

రోజూ నడిచే చోటుకు ఊలే. ఇందులో నాకు రెండో మాట లేదు. ఊలులో సహజంగా ఉండే కొవ్వు నీటిని, మురికిని కాసేపు ఆపుతుంది. అణిగిన పైల్ మళ్లీ లేస్తుంది. పట్టుకు ఆ గుణం లేదు. నీళ్లు పడితే మచ్చ మిగులుతుంది, రాపిడికి పోగులు తెగుతాయి. పెళ్లి పట్టుచీర కట్టుకుని ఎవరూ వంటింట్లో నిలబడరు, పట్టు తివాచీని నేల మీద పరచడం అలాంటిదే. ఖుమ్‌లో ఈ నేత 1930ల తర్వాత పెరిగింది. వాటిని గోడకు తగిలించడమే నయం. ఊలులో మెరుపు కావాలంటే కోర్క్ అనే రకం అడగండి. గొర్రెపిల్ల మెడ, పొట్ట దగ్గరి మెత్తని ఊలు అది. పువ్వుల అంచుల వరకు మాత్రం పట్టు కలిపిన నాయిన్, ఇస్ఫహాన్ తివాచీలు కూడా మంచి రాజీ.

పట్టు పేరుతో మెర్సరైజ్ చేసిన, అంటే రసాయనంతో మెరుపు తెచ్చిన నూలు, విస్కోస్ అనే కృత్రిమ పట్టు అమ్ముతారు. అనుమానం వస్తే దుకాణంవాళ్ల అనుమతితో పైల్‌లోంచి ఒక పోగు తీసి కాల్చి చూడండి. పట్టు వెంట్రుక కాలిన వాసనేసి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. నూలు, విస్కోస్ కాగితం కాలిన వాసనేస్తాయి. కాల్చనివ్వకపోతే పట్టు ధర ఇవ్వాల్సిన పని లేదు.

ముడుల లెక్క ఇక్కడికి వచ్చాక అడగండి, ఎందుకంటే ఒక మోసం కూడా దాంతో ముడిపడి ఉంది. మామూలుగా ఒక ముడి రెండు పడుగు దారాల మీద పడాలి. పని త్వరగా తెమలాలని నాలుగు దారాల మీద ఒకే ముడి వేస్తే దాన్ని జుఫ్తీ అంటారు. ఊలు సగమే పడుతుంది, పైల్ పలచబడుతుంది, పదేళ్లు నిలవాల్సిన చోట త్వరగా బోసిపోతుంది. ఒకే రంగు పరుచుకున్న మైదానంలో ఇది ఎక్కువ, కాబట్టి పువ్వుల దగ్గర కాకుండా ఖాళీ రంగు దగ్గర విడదీసి చూడండి. అరచేత్తో గట్టిగా రుద్దితే చేతికి ఊలు విపరీతంగా రావడం మంచి గుర్తు కాదు. తడిపిన తెల్లగుడ్డను ఎరుపు మీద, నీలం మీద ఒక నిమిషం అదిమి పట్టండి. రంగు అంటుకుంటే ఉతికినప్పుడు పక్క రంగుల్లోకి పాకుతుంది.

కొత్తదా, పాతదా

పాతదాంట్లో రంగులు సర్దుకుని ఉంటాయి. మంజిష్ఠ జాతి వేరుతో ఎరుపు, నీలిమందుతో నీలం, దానిమ్మ తొక్కతో పసుపు ఛాయలు వేసిన ఊలు ఎండకు వెలిసినా అందంగానే వెలుస్తుంది. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన తొలి రసాయన రంగుల్లో కొన్ని అలా కాదు, పైన వెలిసిపోయి పైల్ అడుగున మాత్రం గాఢంగా ఉండిపోతాయి. విడదీసి చూస్తే తెలిసిపోతుంది. గోధుమ, నలుపు రంగుల చోట మాత్రమే పైల్ గుంటలా అరిగి ఉంటే కంగారు అక్కర్లేదు. ఆ రంగుకు వాడిన ఇనుము కాలక్రమంలో ఊలును తినేస్తుంది. అది వయసుకు సాక్ష్యమే కానీ చెడిపోయిందని అర్థం కాదు.

భయపడాల్సింది నూలు పడుగు కుళ్లడానికి. పూలకుండీ కింద, ఏసీ నీళ్లు కారే చోట ఏళ్ల తరబడి తేమ తగిలితే పైన ఊలు చెక్కుచెదరకుండా కనిపిస్తూనే లోపల నూలు పుచ్చిపోతుంది. అక్కడక్కడా చేత్తో మెల్లగా వంచి చెవి దగ్గర పెట్టుకోండి. పటపటమని చప్పుడు వస్తే ఆ తివాచీ వద్దు, ఎంత చవకైనా వద్దు. పలచబడిన చోట పడుగు కనిపించకుండా స్కెచ్ పెన్ లాంటి రంగు పూసి అమ్మడం ఇంకో అలవాటు. తడి తెల్లగుడ్డ పరీక్ష అక్కడా పనికొస్తుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఇరాన్ తివాచీల దిగుమతిని ఆ దేశం 2010లో నిషేధించింది, 2016లో వదిలింది, 2018 ఆగస్టులో మళ్లీ నిషేధించింది. దుబాయ్‌లో నచ్చిందని కొని సామానులో వేసుకునే ముందు ఆ రోజు నిబంధన ఏమిటో చూసుకోండి. అప్పటికే అమెరికాలో ఉన్న పాత తివాచీని అక్కడే కొనడం తేలిక దారి.

ఉతకడం ఇంట్లోనా, బయటా

వారం వారం చేయాల్సింది ఇంటి పని. బ్రష్ తిరగని వ్యాక్యూమ్‌తో, పైల్ వాలిన దిక్కునే మెల్లగా లాగాలి. కుచ్చుల మీదికి పోనివ్వకూడదు, చుట్టుకుని తెగుతాయి. నెలకోసారి తిరగేసి వెనకవైపు కూడా. ఆరునెలలకోసారి తివాచీని అటుకొస ఇటు తిప్పితే అరుగుదల, ఎండ రెండూ సమంగా పడతాయి. వెలుతురు చేసే నష్టం చిన్నది కాదు. ఆర్దబీల్ తివాచీకి 2006లో ఆ లండన్ మ్యూజియం కొత్త ప్రదర్శన ఏర్పాటు చేసినప్పుడు, గంటకు రెండుసార్లు పది నిమిషాల చొప్పున మాత్రమే దీపాలు పెంచేలా పెట్టుకుంది. మన ఇంట్లో కనీసం పడమటి కిటికీకి ఒక తెర వేయొచ్చు.

మన ఇళ్లలో తివాచీకి పెద్ద గండం రోజూ తడిగుడ్డ పెట్టడం. నేల పూర్తిగా ఆరకముందే తివాచీని మళ్లీ పరిస్తే అడుగున ఆ తడి ఎక్కడికీ పోదు. ఫ్యాన్ వేసి, నేల చేత్తో ముట్టి చూశాకే పరవండి. విశాఖ, కాకినాడ వైపు వర్షాకాలంలో రెండు నెలలు చుట్టి పెట్టడమే మేలు. ప్లాస్టిక్‌లో కాకుండా పాత నూలు దుప్పటిలో చుట్టండి.

టీ, కాఫీ ఒలికితే రుద్దకండి. తెల్లటి పొడిగుడ్డతో అద్దుతూ పీల్చండి, తర్వాత చల్లటి నీళ్లతో తడిపిన గుడ్డతో అద్దండి. మరకలు పోగొట్టే ఎంజైమ్ డిటర్జెంట్లు వద్దే వద్దు. అవి ప్రోటీన్‌ను కరిగించడానికి చేసినవి, ఊలూ పట్టూ ప్రోటీన్లే. బ్లీచ్ గురించి చెప్పనక్కర్లేదు.

నిండా నీళ్లలో ఉతకడం ఎవరికి ఇవ్వాలన్నది అసలు నిర్ణయం. చిన్న సైజు, రంగు కారని, గట్టి ఊలు తివాచీని వేసవిలో డాబా మీద చల్లటి నీళ్లు, సున్నితమైన షాంపూతో ఉతకొచ్చు. ఐరన్ ఎక్కువున్న బోరు నీళ్లు వాడకండి, తెల్లటి కుచ్చులు పసుపెక్కుతాయి. తడిసిన తివాచీని పిట్టగోడ మీద వేయకూడదు. నీళ్ల బరువుకు పడుగు సాగి, గోడ అంచు దగ్గర విరుగుతుంది. పలకల మీద ఏటవాలుగా, పరుచుకుని ఆరాలి, ఒక్క రోజులో ఆరిపోవాలి. ఆ ఏర్పాటు లేకపోయినా, పట్టు అయినా, పాతదైనా, రంగు కారేదైనా ఇంట్లో ముట్టుకోవద్దు. బయట ఇచ్చేటప్పుడు డ్రై క్లీనింగ్ కాదని, ముందు వెనకవైపు నుంచి దుమ్ము దులిపిస్తారని, రంగు పరీక్ష చేస్తారని మాట తీసుకోండి. దుమ్ము దులపకుండా తడిపితే ఇసుక అడుగున బురదై, ఎండాక ముడి మొదలును కోస్తూ ఉంటుంది.

చిమ్మటల విషయంలో ఒక గుర్తు చెప్తాను. అవి ఊలు తింటాయి, నూలు తినవు. సోఫా కింద కదలని చోట పైల్ పోయి తెల్లటి పడుగు మాత్రం బయటపడితే, ఇసుక రేణువుల్లాంటివి, సన్నటి గూళ్లు కనిపిస్తే వాటి పనే. కలరా ఉండలు చల్లితే వాసన మిగులుతుంది కానీ తెరిచి పరిచిన తివాచీలో పురుగు చావదు. చిన్న తివాచీని ప్లాస్టిక్‌లో గాలి చొరకుండా కట్టి −18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే చస్తుంది. పెద్దదైతే ఉతికించాల్సిందే. తర్వాత నెలకోసారి సోఫా జరిపి వెలుతురు తగలనివ్వండి.

రఫూ ఎంతవరకు

మధ్యలో కనిపించే చిల్లు చూసి అందరూ బెంగపడతారు. నిజమైన ప్రమాదం కొసల దగ్గర ఉంటుంది. కుచ్చులు తెగి, వాటి పక్కనున్న సాదా నేత ఊడాక, మొదటి వరస ముడులను పట్టి ఉంచేది ఏమీ ఉండదు. వ్యాక్యూమ్ తగిలిన ప్రతిసారీ ఒక్కో ముడి జారిపోతుంది, ఆ వెనకే రెండో వరస. పక్క అంచులు కూడా అంతే. అక్కడ చుట్టిన ఊలు తాడును షీరాజె అంటారు, అది విడిపోతే పేక బయటపడి తెగుతుంది. డబ్బు కొంచెమే ఉంటే ముందు ఈ రెండూ కట్టించండి. ఖర్చు తక్కువ, లాభం చాలా ఎక్కువ. ఊడిన వరసల మీద బజారు కుచ్చులు తెచ్చి కుట్టడం దీనికి బదులు కాదు. అది నష్టాన్ని దాస్తుంది, ఆపదు.

పైల్ సమంగా అరిగి, పడుగు పేక బాగుంటే అలాగే ఉంచడం నా సలహా. మధ్యలో చిల్లు పడితే రెండు దారులు. ఒకటి కొత్త పడుగును చిల్లు చుట్టూ గట్టిగా ఉన్న నేతలోకి చొప్పించి, పేక వేసి, ముడి ముడీ నేయడం. ఖరీదైన పని, వారాలు పడుతుంది, కానీ చేయి తిరిగినవాళ్లు చేస్తే వెనకవైపు తడిమినా దొరకదు. మంచి పట్టణ నేతకు, ఇంట్లో పెద్దల నుంచి వచ్చినదానికి ఇదే సరి. రెండోది ఇంకో పాత తివాచీ ముక్క కోసి అతకడం. పల్లెటూరి చవక తివాచీని ఇంకో పదేళ్లు వాడుకోవడానికి అది పర్వాలేదు. వెనక జిగురు పూసి, టేపు అంటించి సరిచేస్తామనేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. ఆ జిగురు బిగుసుకుంటే తర్వాత మంచి రఫుగర్ సూది కూడా దిగదు.

అతుకుల సంగతి వచ్చినప్పుడల్లా నాకు ఆర్దబీల్ గుర్తొస్తుంది, బాధేస్తుంది. అవి జంట తివాచీలు. 19వ శతాబ్దంలో ఒకదాన్ని నిండుగా చూపించడానికి రెండోదాన్ని కోసి ఆ ముక్కలు దీనికి వాడారు. నిండుగా ఉన్నదాన్ని 1893లో లండన్ మ్యూజియం 2,000 పౌండ్లకు కొంది. అంచులు పోగొట్టుకుని చిన్నబోయిన రెండోది ఇప్పుడు లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో ఉంది. అప్పటి అమ్మకందార్లకు అది మరమ్మతు. ఈ రోజు బాధ్యత తెలిసినవాళ్లెవరూ అలా చేయరు.

ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడానికి, వాళ్లు ఇదివరకు చేసిన పనిని వెనకవైపు తిప్పి చూపించమనండి. పేక వరస తిన్నగా కలిసిందా, ముడి అదే రకమా అన్నది అక్కడే తెలుస్తుంది. తబ్రీజ్, హెరీజ్‌లలో ముడి రెండు పడుగు దారాలనూ పూర్తిగా చుట్టుకుంటుంది. కాషాన్, నాయిన్, ఇస్ఫహాన్‌లలో ఒకదాన్నే చుట్టి రెండోదాని కింద నుంచి వస్తుంది. ఒకదాంట్లో ఇంకోటి వేస్తే ఆ ముక్క పైల్ వేరేగా వాలి, ఎంత రంగు కలిపినా మచ్చలా కనిపిస్తుంది. మన దేశంలో కశ్మీర్‌లో ముడి తివాచీల నేత బతికే ఉంది. పర్షియా నేతగాళ్ల నుంచి వచ్చిందని చెప్పుకునే తివాచీల నేత మన ఏలూరుకూ ఉంది. అక్కడ అడిగి చూడటం మంచిదే. ఊలు రంగు ఖాయం చేసేటప్పుడు ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో, తివాచీ వెనకవైపు రంగుతో కాకుండా ముందువైపు పైల్ కొసల రంగుతో పోల్చమనండి. వెనకవైపు వెలవదు కాబట్టి దానికి జోడీ కట్టిన ఊలు ముందువైపు ముదురుగా తేలిపోతుంది. ఇచ్చే ముందు రెండు వైపులా ఫోటోలు తీసి, ఏయే చోట ఏ పని చేస్తారో కాగితం మీద రాయించుకున్నాకే బయానా ఇవ్వండి.